కొంగు చాచి అడిగిన ఊపిరి

హైదరాబాదు,
18 మే 2021

అత్తమ్మకు, మామయ్యకు ప్రణీత నమస్కారం.

ఫోన్లో మనకు మాటలు సాగడం లేదు. నువ్వు ఏడుస్తావు, నిన్ను విని నేను ఏడుస్తాను, మధ్యలో మామయ్య "ఏమన్నదే, ఏమన్నదే" అని కేకలు పెడతాడు. చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తున్నాను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. మన ఊరి పాలబండి సైదులు రోజూ ఎల్బీనగర్ దాకా వస్తాడు. లాక్‌డౌన్ అయినా అతన్ని ఎవరూ ఆపరు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. నువ్వు రాసిందీ అతనికే ఇవ్వు.

నవీన్‌కు వెంటిలేటర్ సరిపోవడం లేదని ఎక్మో అనే మిషన్ పెట్టారు. తొడ దగ్గర పెద్ద నరానికి ఒక గొట్టం, మెడ దగ్గర ఇంకొకటి. తొడ నుంచి రక్తం నల్లగా బయటికి వస్తుంది. ఒక పెట్టెలో నుంచి పోతుంది. అక్కడ దానికి గాలి పట్టి, ఎర్రగా మారి మెడ దగ్గర లోపలికి పోతుంది. అంటే నవీన్ ఊపిరితిత్తులు చేయాల్సిన పని ఆ పెట్టె చేస్తోంది. అతను నిద్రలోనే ఉన్నాడు, నిద్రమందు ఇచ్చారు. నేను అద్దం ఇవతల నిలబడి చూస్తాను. గడ్డం బాగా పెరిగింది.

ఈ దవాఖానలోనే రక్తం శాంపిళ్ళు తీస్తూ కరోనా తెచ్చుకున్నాడు కాబట్టి ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటామన్నారు. ఆ రంది మీకు వద్దు. మామయ్యను వేళకు తినమను.

ప్రణీత


మన ఊరు,
20 మే

ప్రణీతా, నా తల్లీ,

నీ ఉత్తరం ముట్టింది. బడిల పిల్లలకు పాఠం చెప్పినట్టు మంచిగ రాసినవు. నేను ఏడో తరగతి దాక సదివినదాన్ని, నోటికొచ్చినట్టు రాస్తున్న. పంతులమ్మ లెక్క ఎర్ర పెన్ను తీసి తప్పులు దిద్దకు.

నల్లగ బయటికొచ్చి ఎర్రగ లోపలికి పోతాందంటె ఇగ బుగులేంది బిడ్డా? మీ మామ నూలును రంగుల ముంచి తీసినట్టె గద! రంగు ఎక్కిందంటె పని అయినట్టె. ఆయనకు సదివి వినిపించిన. ఇన్ని దినాలు మగ్గం దిక్కు సూడనోడు లేసి పోయి కూసున్నడు. వాడకట్టంత తిరిగి "మావోనికి రక్తం ఎర్రబడ్డది, ఇగ లేస్తడు" అని చెప్పుకొచ్చిండు. ఇంటింటికి పోయి చెప్పకయ్యా, దిష్టి తగుల్తది అంటె ఇంటడా? ఆయన ఎప్పుడు నా మాట ఇన్నడు గనుక.

జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పంపుతున్న. రొట్టెలు గట్టిపడ్డయని పారెయ్యకు, చాయల ముంచుకొని తిను. ఆ కిరాయి అర్రల ఒక్కదానివే పండుకుంటున్నవు, గడియ మంచిగ పెట్టుకో. నర్సన్నకు మొక్కిన, మైసమ్మకు మొక్కిన. మొక్కి మొక్కి నాకే యాష్టకొచ్చింది, ఇంటున్న దేవుళ్ళకు రాదా?

లేసినంక వానికి ముందుగాల గడ్డం తీపియ్యి. గడ్డముంటె వాడు అచ్చం మీ మామ లెక్కనే కనపడుతడు, నువ్వు భయపడుతవు.

మీ అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ


హైదరాబాదు,
2 జూన్

అత్తమ్మా,

నీ రొట్టెలు తిన్నాను. సగం సుహాసినికి పెట్టాను. ఆమెది కొల్లాపూర్. ఆమె భర్త కూడా ఇదే మిషన్ మీద ఉన్నాడు. రోజంతా ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుంటాం, ఒకరు లేస్తే ఇంకొకరు జాగా పట్టి ఉంచుతాం. నీ కారం తిని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కారానికో దేనికో తెలియదు.

నీకు ఒక మాట సరిగా చెప్పాలి. రక్తం ఎర్రబడడమంటే రోగం తగ్గడం కాదు. పెట్టె ఆపితే మళ్ళీ నల్లబడుతుంది. ఆ మిషన్ మందు కాదు అత్తమ్మా, అది కొంత సమయం ఇస్తుంది, అంతే. ఈలోగా ఊపిరితిత్తులు వాటంతట అవి కోలుకోవాలి. నవీన్‌వి కోలుకోవడం లేదు. ఎండిన తోలులా గట్టిపడ్డాయని డాక్టర్ ఫోటో చూపించాడు. ఇక అవి పనికి రావన్నాడు.

మిగిలింది ఒకటే దారి. ఇంకొకరి ఊపిరితిత్తులు తీసి పెట్టడం. యాక్సిడెంట్‌లోనో ఎట్లాగో మెదడు చనిపోయి, గుండె ఇంకా కొట్టుకుంటున్న మనిషివి కావాలి. వాళ్ళ ఇంటివాళ్ళు ఒప్పుకొని ఇవ్వాలి. నవీన్ పేరు రాయించాను. వరస ప్రకారం వస్తే వస్తుంది. మనం ఎవరినీ వెతకకూడదు, అడగకూడదు అని డాక్టర్ గట్టిగా చెప్పాడు. ఎక్కువ కాలం ఆగడానికీ లేదు. గొట్టాల్లో రక్తం గడ్డ కట్టకుండా మందు ఇస్తున్నారు, ఆ మందుకు ఎక్కడో ఒకచోట రక్తం కారడం మొదలవుతుంది. అట్లా మొదలైతే ఏమీ చేయలేమన్నాడు.

మామయ్యకు ఇదంతా చదివి వినిపించకు. మగ్గం నేయనీ.

ప్రణీత


మన ఊరు,
5 జూన్

బిడ్డా,

మీ మామకు చెప్పలే. "కోడలు ఏం రాసింది" అంటె, "మంచిగున్నడట" అన్న. అబద్ధమాడితె నోట్లె పురుగులు పడుతయంటరు, పడనియ్యి.

ఒక్కటడుగుత. నాయి పనికి రావా? ఈ యాభైయేండ్లల నేను బీడీ ముట్టలే, పొయ్యి పొగ తప్ప ఇంకో పొగ పీల్చలే. నాయి తీసి వానికి పెట్టుమను. నేను బతికి ఏం ఉద్ధరించేది ఉన్నది? డాక్టరును అడుగు. సిగ్గుపడకు, మా అత్త పిచ్చిది, గిట్ల అడుగుమన్నది అని చెప్పు.

నువ్వు రాసింది సదివినంక దేవుని ముంగట దీపం పెట్టిన. సేతులు జోడిచ్చిన. నోరు తెరిస్తె ఏమని మొక్కాల్నో తెల్వలే. నా కొడుకును బతికియ్యమంటె ఇంకెవని కొడుకునో సంపుమన్నట్టె గద! గిదేం ఇన్సాఫ్? తల్లి నోట గసోంటి మొక్కు ఎట్లొస్తది? మొక్కకుండనే లేసిన.

గని మనసు ఊకుంటదా? రోడ్డు మీద అంబులెన్స్ మోత ఇనబడితె చేతుల పని ఇడిచి ఇంటున్న. ఎవడన్న పోరడు హెల్మెట్ లేకుంట బండి ఉరికిస్తె ఎన్కట తిడుతుంటి. ఇప్పుడు నోరు లేస్తలేదు, సూస్తున్న. నా మీద నాకే రోత పుడుతాంది ప్రణీతా. నీకు గాక ఇంకెవలకు చెప్పుకోను?

మీ అత్తమ్మ


హైదరాబాదు,
11 జూన్, పొద్దున

అత్తమ్మా,

నీవి పనికి రావని డాక్టర్ అన్నాడు. బతికున్న మనిషివి తీయరట. నవ్వలేదు, నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే చెప్పాడు.

నిన్న ఊపిరితిత్తులు వచ్చాయి. మనకు కాదు. సుహాసిని భర్తకు. ఎల్బీనగర్ వైపు ఏదో దవాఖాన నుంచి, పోలీసులు రోడ్డు ఖాళీ చేయిస్తే, చిన్న పెట్టెలో తెచ్చారు. ఎవరివో పేరు చెప్పరు. ఇచ్చినవాళ్ళది ‘ఎ’ గ్రూపు రక్తం. సుహాసిని భర్తదీ ‘ఎ’ గ్రూపే. నవీన్‌ది ‘బి’. గ్రూపు కలవకపోతే పేరు వరసలో ముందున్నా లాభం లేదు. ఈ గ్రూపుల గొడవ నీకు ముందే రాయలేదు, రాసి నీకు ఇంకో దిగులు ఎందుకని.

డాక్టర్లు ఆపరేషన్ గదిలోకి పోతుంటే నర్సులందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సుహాసిని నా కాళ్ళు పట్టుకోబోయింది, నా కాళ్ళెందుకో. తర్వాత బాత్రూములోకి పోయి తలుపు వేసుకున్నాను. మంచిది అనుకోవాలని చూశాను, చేతకాలేదు.

నవీన్ గొంతు గొట్టంలో నుంచి పొద్దున రక్తం వచ్చింది. మళ్ళీ రాస్తాను.

ప్రణీత


మన ఊరు,
11 జూన్

ప్రణీతా, నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం కోసం ఆగలే. నేనే ముందుగాల రాస్తున్న. నవీన్‌కు ఊపిరి దొరికింది! నీకు దవాఖానోళ్ళు ఇప్పటికె చెప్పి ఉంటరు, గని అది ఎట్లొచ్చిందో నేను చెప్త, విను.

మన ఊర్ల గొర్లు కాసే బీరమ్మ యాదికున్నదా? మీ పెండ్లిల గట్టిగ పాటలు పాడింది, ఆమెనే. ఆమె కొడుకు దినేశ్ చిట్యాల కాడ బండి మీద పోతుంటె లారీ గుద్దింది. పట్నం తోలుకపోయిండ్రు. తలకాయల పాణం పోయింది, గుండె మాత్రం కొట్టుకుంటుందని సైదులు వచ్చి చెప్పిండు. ఆ మాట ఇన్నంక నా కాళ్ళు ఆగలే. మీ మామకు చెల్లె ఇంటికి పోతున్నని చెప్పి పాలబండి ఎక్కిన. పట్నం దాక వచ్చి నీ దగ్గరికి రాలే, కోపం చెయ్యకు. నీ మొకం సూస్తె చెప్పేస్తనని, నువ్వు వద్దంటవని రాలే.

ఎల్బీనగర్ కాడ ఆ దవాఖాన ముంగట రేకుల కింద బీరమ్మ కూసున్నది. అవయవాలు ఇస్తరా అని డాక్టర్లు అడిగితె ఆమె తమ్ముడు బీరన్న కొట్లాటకు పోయిండట. నా పోరన్ని కోయనియ్య అన్నడట. నేను పోయి ఆమె ముంగట నేల మీద కూసున్న. ఓదార్చలే. ఓదార్చనీకి సిగ్గయింది, నేను వచ్చింది గందుకు కాదు గద. కొంగు చాచిన. "బీరమ్మా, నీ కొడుకు ఊపిరి నా కొడుక్కు బిచ్చమెయ్యి" అన్న.

బీరన్న నా రెక్క పట్టి లేపిండు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటె సుట్టకు నిప్పడిగిండట ఒకడు. గట్లున్నది నీ కత. నడువ్ అవతలికి" అన్నడు. ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది? ఏం లేదు. గని నేను లేవలే.

మన దిక్కు ఆడిది కొంగు చాచి అడిగితె ఉత్త కొంగుతోని పంపరు, పగోల్లైనా పిడికెడు గింజలేస్తరు. బీరమ్మ నా కొంగు దిక్కు చానసేపు సూసింది. "నవీన్ మా దినేశ్‌కు సైకిలు నేర్పిండక్కా" అన్నది. గుప్పిట మూసి నా కొంగుల పెట్టి తెరిసింది, ఉత్త చెయ్యి. "ఏసిన. ముడేసుకో" అన్నది. ముడేసుకున్న. లేసి పోయి డాక్టర్ల కాయితం మీద ఏలిముద్ర పెట్టింది.

నిన్ననే తీసిండ్రు. దినేశ్‌ను వాళ్ళ శెల్కల గుంత తీసి పెట్టి వచ్చినం. బీరమ్మ మట్టి ఏసుకుంట "ఊపిరి మిగిలింది గద అక్కా, ఊపిరి మిగిలింది గద" అనుడే. నేను "మిగిలింది సెల్లె" అన్న. ఇగ నవీన్ లేసినంక మొదటగాల ఆమె కాళ్ళు మొక్కాలె, నువ్వు మొక్కాలె.

మీ అత్తమ్మ


హైదరాబాదు,
12 జూన్

అత్తమ్మా,

నీ ఉత్తరం చదివాను. ఎంత పని చేశావు!

నా ఉత్తరం నీకు ముట్టే ఉంటుంది. నిన్నటికి ముందురోజు ఎల్బీనగర్ నుంచి వచ్చినవి దినేశ్‌వే. అవి నవీన్‌కు పెట్టలేదు. తల్లి ఎవరికని ఇచ్చినా ఆ మనిషికి పోవు. గ్రూపు కలిసి, వరసలో ఎవరుంటే వాళ్ళకు పోతాయి. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. బీరమ్మ కొంగులో వేసింది, అది నీ కొంగులో పడలేదు.

ఇంకొకటి రాయాలి. నవీన్‌కు రాత్రి మెదడులో రక్తం కారింది. రెండు కళ్ళకూ వెలుతురు వేసి చూశారు, చలనం లేదు. మిషన్ తిరుగుతోంది, రక్తం ఎర్రగానే పోతోంది, మనిషి లేడన్నారు. మీరు వచ్చిన తర్వాతే ఆపమని చెప్పాను. సైదులు బండిలోనే ఇద్దరూ రండి. లోపలికి పంపుతామన్నారు, ముట్టుకోవచ్చు.

మామయ్యకు ఇప్పుడైనా చెప్పు.

ప్రణీత


మన ఊరు,
4 జూలై

బిడ్డా ప్రణీతా,

దినాలు అయినంక నువ్వు పట్నం పోతివి, ఇల్లు బోసిపోయింది. ఉండమంటె ఉండకపోతివి. పోనీ, ఈడ ఉండి మా ఇద్దరి మొకాలు సూసుకుంట ఏం చేస్తవు? మీ మామ మగ్గం మీద సగం నేసిన చీర గట్లనే ఉన్నది. తియ్యడు, నెయ్యడు, నన్ను ముట్టనియ్యడు.

నీకు ఒక సంగతి చెప్పలే. నవీన్‌ను ఇంటి ముంగట పండవెట్టినప్పుడు నువ్వు సోయిల లేవు. బీరమ్మ వచ్చింది. మందిని నూకుకుంట వచ్చి వాని పక్కన కూలబడ్డది. రొమ్ము మీద చెవి పెట్టింది. చెవి తీసి ఇటు పెట్టింది, అటు పెట్టింది. ఆ తర్వాత నన్ను పట్టుకొని ఏడ్సింది, "అక్కా, నా కొడుకు మల్ల సచ్చిండే" అని. నవీన్‌ల దినేశ్ ఊపిరి ఉన్నదనే అనుకుంటాంది. నేను చెప్పలే. ఆయాల నోరు రాలే, తర్వాత చెప్పబుద్ధి కాలే.

గప్పటి సంది దినాం వస్తాంది. దినేశ్ పోయినకాంచి వాళ్ళింట్ల పొయ్యి ముట్టియ్యలేదట, బీరన్న గొర్ల ఎంబడి పోతె ఆమె ఒక్కతె. నేనే పెడుతున్న. ఇద్దరం ఒక్క పళ్ళెంలనే తింటున్నం. ఆమె నవీన్ పేరు తీసి ఏడుస్తది, నేను దినేశ్ పేరు తీసి ఏడుస్త. ఊరోళ్ళు వచ్చి "దేవుని రాత" అనుకుంట పోతరు, వాళ్ళ మాటలు నాకు జర సుత ఎక్కవు. బీరమ్మ ఒక్కతె నా తోని సమానంగ ఏడుస్తది. నేను బతికి ఉన్ననంటె గందుకే.

గని అన్నం కలిపి ఇస్తుంటె ఆమె నా మొకం సూస్తది సూడు, గప్పుడు దొంగ లెక్క అనిపిస్తది. చెప్పాల్నా, వద్దా? నువ్వు సదువుకున్నదానివి.

మీ అత్తమ్మ


హైదరాబాదు,
7 జూలై

అత్తమ్మా,

చెప్పు. ఆలోచించకుండా చెప్పు.

సుహాసిని భర్త బతికాడు. కర్ర పట్టుకొని వరండాలో నడుస్తున్నాడట, ఇంటికి పంపుతారట. సుహాసిని ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు, మెసేజ్ పెట్టింది. అంటే దినేశ్ ఊపిరి ఆడుతోంది. ఆ తల్లి తన కొడుకు రెండుసార్లు చచ్చాడని ఏడుస్తోంది, ఒక్కసారి కూడా పూర్తిగా చావలేదు ఆ పిల్లాడు. అది దాచడానికి మనమెవరం? పేరు, ఊరు మాత్రం చెప్పకు. అవి నీకు రాయడమే నా తప్పు, చెప్పకూడదు.

చెబితే నీ బరువు దిగుతుంది. ఆమె కోపం చేస్తే చేయనీ, తిడితే పడు. నిజం చెప్పిన తర్వాత కూడా ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినొచ్చు.

నేను బడి పిల్లలకు ఫోన్లోనే పాఠాలు చెబుతున్నాను. నవీన్ చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయి. లోపల పెడితే మనిషి ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది, పారేస్తే… పారేయలేను. ఇంటి ఓనరమ్మ రోజూ వాటిని కదపకుండా చుట్టూ ఊడ్చి పోతుంది.

ప్రణీత


మన ఊరు,
12 జూలై

ప్రణీతా,

చెప్పిన. నువ్వు బరువు దిగుతదన్నవు. దిగలే బిడ్డా.

బీరమ్మ ఎప్పటిలెక్కనె వచ్చింది. తిన్నంక చెప్పుదామనుకున్న, తినకముందె చెప్పిన. రక్తం కలవలేదట సెల్లె, నవీన్‌కు పెట్టలేదట, నువ్వు ఏసింది వేరేటోళ్ళకు పోయింది, నాకు తెలిసి కూడ నీకు చెప్పలే అన్న. తిడుతదని తలకాయ వంచుకొని కూసున్న. తిడితె మంచిగుండు.

"అయితె నవీన్‌ల లేకుండెనా?" అన్నది.

"లేకుండె."

"మరి ఆ వేరేటాయన?"

"బతికిండట. నడుస్తుండట."

ఆమె మొకం సూసిన ప్రణీతా. నేను అసోంటి మొకం మల్ల సూస్తనని అనుకోలే. నా రెండు చేతులు పట్టుకున్నది. "బతికే ఉన్నడా అక్కా నా కొడుకు? ఆడుతాందా ఊపిరి?" అన్నది. నవ్వింది. నా ఇంట్ల, నా కొడుకు పటం కింద కూసొని నవ్వింది. నేను చెయ్యి లేపబోయిన, కొట్టబోయిన. ఎట్ల ఆపుకున్ననో నాకే తెల్వదు. ఆమె ఏం తప్పు చేసింది? ఏం చెయ్యలే. తల్లి గద, నవ్వదా? నేనైతె నవ్వకపోదునా? గని నా కడుపు భగ్గుమన్నది. మంట ఇప్పటికి ఆరలే.

లేసి పోయేటప్పుడు "నీ కొంగుల ఏసింది ఎవలకో ఒకలకు అక్కరకొచ్చింది పో అక్కా, మంచిగైంది" అన్నది. మనసుల ఏం పెట్టుకోకుంట అన్నది. అన్నం తినకుంటనే పోయింది.

మర్నాడు రాలే. ఆ మర్నాడు రాలే. తెల్లారకముందె, మబ్బుల లేసి వాళ్ళింటి దిక్కు సూస్తె పొగ లేస్తాంది, పొయ్యి ముట్టిచ్చింది. దినాం సైదులుకు ఎదురుంగ పోయి "ఆ మనిషిది ఏ ఊరో తెలిసిందా" అని అడుగుతాందట. తలకు నూనె పెట్టుకున్నదట. మీ మామ ఇదంత ఇని "మంచిదే గదనే" అన్నడు. మంచిదే. నేను కాదంటున్ననా?

నువ్వు నిజం చెప్పుమన్నవు, చెప్పిన, నీ మీద నాకు కోపం లేదు. గని ఒక్కటి నీకు సదువుల రాలే, నాకు తెలివిల రాలే. ఇన్ని దినాలు ఇద్దరి కొడుకులు పోయిండ్రని ఇద్దరం ఏడ్సినం. ఇప్పుడు పోయింది నా కొడుకు ఒక్కడే.

మీ అత్తమ్మ